మగవారి అత్తరు: జహనుమా పరిసరాల పరిమళ చరిత్ర

చార్మినారు నుంచి దక్షిణంగా శాలిబండ, అలియాబాదుల మీదుగా ఫలక్‌నుమా గుట్ట వైపు సాగే దారిని ఆనుకొని, హైదరాబాదు పాతబస్తీ దక్షిణపు కొసన ఉన్న పేట జహనుమా. పంతొమ్మిదో శతాబ్దంలో పైగా వంశీయులు కట్టించుకొన్న విహారభవనం పేరే ఈ పేటకు స్థిరపడింది. పైగాలంటే నిజాము వంశంతో వియ్యమంది, విస్తారమైన జాగీర్లూ సొంత సైన్యమూ కలిగి, దర్బారులో నిజాము తరువాతి వరుసలో కూర్చున్న ఉమరాలు, అనగా ప్రభువర్గం. వారిలో అస్మాన్ జా 1887లో రాజ్యానికి దివాను, అంటే ప్రధానమంత్రి అయ్యాడు. అదే వంశానికి చెందిన వికారుల్ ఉమరా 1884లో పునాది వేసి కట్టించిన ఫలక్‌నుమా భవనం సమీపంలోని గుట్ట మీదనే ఉండగా, ఇంకొంత దక్షిణాన, యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాము కొలువులో సిపాయిలుగా చేరిన అరబ్బుల వారసులు నివసించే బార్కస్ ఉంది. ఉత్తరాన చార్మినారు బజారు, దక్షిణాన అరబ్బుల పటాలం, చుట్టూ ఉమరాల దేవిడీలు, అంటే వారి నివాస సౌధాలు ఉన్న ఈ ప్రాంతంలో, మగవాడు ఒంటికి పరిమళం పూసుకోవడం ఎన్నడూ వింతగా తోచలేదు. పూసుకోకపోవడానికే ఇక్కడ కారణం కావలసి వచ్చేది. ఈ స్థితి ఎలా ఏర్పడింది, దాని పట్ల మర్యాదలూ నిషేధాలూ ఏమిటి, సుగంధం స్త్రీలదన్న భావం ఈ నేలకు ఎప్పుడు, ఎటునుంచి వచ్చింది అన్నవి పరిశీలించదగిన విషయాలు.

ఈ ఆచారాన్ని కేవలం ముస్లిం పాలకుల వెంట వచ్చినదిగా భావించడం పొరపాటు. తెలుగువారు చెప్పుకొనే అష్టభోగాలలో, అనగా సంపన్న గృహస్థు అనుభవించదగిన ఎనిమిది సుఖాలలో, ఇల్లు, పడక, వస్త్రం, ఆభరణం, తాంబూలం, పుష్పం మొదలైన వాటితో పాటు గంధం కూడా ఉంది. ఆ జాబితా పురుషుడిని దృష్టిలో పెట్టుకొని కూర్చినదే. వాత్స్యాయనుడు కామసూత్రాలలో వర్ణించిన నాగరకుడు, అంటే పట్టణవాసి అయిన రసికుడు, పొద్దున లేచి పళ్లు తోముకొన్నాక ఒంటికి అనులేపనం, అనగా గంధపు పూత పూసుకొని, ధూపం పట్టించుకొని, పూలమాల వేసుకొని గాని పనిలోకి దిగడు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి, అంటే సుగంధద్రవ్యాలను పాళ్లు కలిపే విద్యకు, ఒక అధ్యాయమే కేటాయించాడు. ఈ తెలంగాణ నేలలో అధికభాగాన్ని ఏలిన కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దపు తొలి సగంలో రచించిన మానసోల్లాసంలో, రాజు అనుభవించదగిన భోగాల కింద విలేపనాలూ ధూపాలూ ఋతువుల వారీగా చర్చకు వస్తాయి. ఎండకాలానికి చలువచేసే చందనం, చలికాలానికి వేడినిచ్చే కస్తూరి, కుంకుమపువ్వు అన్న విభజన ఆ కాలానికే స్థిరపడింది. ఈ విభజనను గుర్తుంచుకోవాలి. ఎనిమిది శతాబ్దాల తరువాత పాతబస్తీ అత్తరు దుకాణంలో వేరే పేర్లతో ఇదే కనిపిస్తుంది.

తెలుగు తీరానికి సుగంధాలు ఎంత పెద్ద ఎత్తున దిగేవో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం చెబుతుంది. ఓడ మునిగినా, తీరానికి కొట్టుకువచ్చినా వర్తకుల సరుకును రాజు జప్తు చేయడని హామీ ఇచ్చిన ఆ శాసనంలో, సుంకం కట్టవలసిన సరుకుల పట్టికలో చందనం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది, కర్పూర తైలం వరుసగా కనిపిస్తాయి. పన్నీరు గులాబి రేకులను కాచి పట్టిన నీరు; జవ్వాది పునుగుపిల్లి వంటి జంతువు గ్రంథి నుంచి తీసే ఘాటైన ద్రవ్యం. హైదరాబాదు నగరం పుట్టడానికి మూడున్నర శతాబ్దాల ముందే తెలుగు రేవులో పన్నీటికి సుంకపు ధర నిర్ణయమై ఉందంటే, దానికి అంతటి గిరాకీ ఉండి ఉండాలి. కొండవీటిని 1386 నుంచి 1402 వరకు ఏలిన కుమారగిరి రెడ్డి ఏటా జరిపిన వసంతోత్సవాలలో కర్పూరం వెదజల్లించి కర్పూర వసంతరాయ బిరుదు పొందాడు. ఆ ఉత్సవాలకు సుగంధద్రవ్యాలు సరఫరా చేసిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి శ్రీనాథుని హరవిలాసానికి కృతిభర్త అయ్యాడు. కత్తి పట్టిన రాజు కర్పూరం పేర బిరుదు ధరించడంలో ఆ కాలం వారికి పౌరుషలోపం కనిపించలేదు. 1443లో విజయనగరం చూసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, ఆ నగరంలో గులాబీలు అడుగడుగునా అమ్ముతారనీ, అక్కడి జనం వాటిని అన్నంతో సమానంగా చూస్తారనీ రాసుకొన్నాడు.

నిషేధాలు లేకపోలేదు. అయితే అవి స్త్రీపురుష భేదం మీద కాక, మనిషి ఉన్న దశ మీద ఆధారపడ్డాయి. గురుకులంలో ఉన్న బ్రహ్మచారికి మనుస్మృతి మధుమాంసాలతో పాటు గంధాన్నీ మాలలనూ నిషేధించింది. తండ్రి పోయిన ఏడాది కర్మ చేసే కొడుకు గంధపుష్ప తాంబూలాలను వర్జించే ఆచారం కొన్ని కుటుంబాలలో నేటికీ ఉంది. చదువు ముగిసి గృహస్థు కాగానే అదే గంధం అతనికి హక్కు, పెళ్లిలో వచ్చినవారి మెడకూ చేతులకూ గంధం రాసి పన్నీరు చిలకరించడం అతని విధి.

గోలకొండ కుతుబ్‌షాహీలు, వారిలో 1591లో హైదరాబాదు నిర్మించిన మహమ్మద్ కులీ, ఈ తెలుగు సంప్రదాయమూ పారశీక సంప్రదాయమూ కలిసే కూడలిలో నిలిచినవారు. మహమ్మద్ కులీ దక్కనీ ఉర్దూ కవిత్వంలో వసంతం, తొలకరి, నౌరోజు పండుగల వర్ణనల నిండా పూలూ సువాసనలూ పరచుకొని ఉంటాయి. ఆ కాలపు దక్కను సుల్తానుల ఆస్థానాలలో పరిమళం ఒక శాస్త్రం. పొరుగున ఉన్న బీజాపూరు సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా పేర ఇత్రె నౌరస్‌షాహీ అనే గ్రంథమే వెలసింది; ఇత్ర్ అన్న అరబ్బీ మాటే తెలుగులో అత్తరు అయింది. ఉత్తరాన అక్బరు కొలువులో ఖుష్బూఖానా పేర ప్రత్యేక శాఖ ఉండేదనీ, దర్బారు మండపంలో బంగారు, వెండి ధూపపాత్రలలో నిత్యం అగరు పొగ వేసేవారనీ అబుల్ ఫజల్ ఐనె అక్బరీలో సరుకుల ధరలతో సహా వివరించాడు. ఆ శాఖలో లెక్కలు చూసిన షా మన్సూర్ తరువాత సామ్రాజ్యపు ఆర్థికమంత్రి అయ్యాడు. గులాబి అత్తరు కనుగొన్న ఘనతను జహంగీరు తన స్వీయచరిత్రలో నూర్జహాను తల్లి అస్మత్ బేగానికి ఇచ్చాడు. పన్నీరు కాచేటప్పుడు పళ్లేల మీద తేలిన మీగడ వంటి నూనెను ఆమె తీసి దాచిందనీ, దాని చుక్క అరచేతికి రాస్తే సభ అంతా గుబాళిస్తుందనీ అతడు చెప్పాడు. ఈ మొగలు అభిరుచి 1687లో ఔరంగజేబు గోలకొండను జయించడంతోను, 1724 నుంచి నిజాముల పాలనతోను హైదరాబాదులో మరింత పాతుకొన్నది.

పాతబస్తీ పురుషుని అత్తరుకు బలమైన ఆధారం మాత్రం దర్బారు కాదు, మసీదు. ప్రవక్తకు సుగంధం ప్రీతిపాత్రమని హదీసులు, అంటే ఆయన మాటలూ నడవడీ తెలిపే ఉల్లేఖనాలు చెబుతాయి. శుక్రవారం స్నానం చేసి, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకొని, పరిమళం పూసుకొని నమాజుకు వెళ్లడం సున్నత్, అనగా ప్రవక్త మార్గంగా అనుసరణీయం. స్త్రీపురుష భేదం ఇక్కడ కనిపిస్తుంది గాని, అది ఇప్పటివారు ఊహించే దానికి సరిగ్గా వ్యతిరేకం. పురుషుని సుగంధం వాసన బయటికి తెలిసేదిగా, రంగు కనిపించనిదిగా ఉండాలి; స్త్రీ సుగంధం రంగు కనిపించేదిగా, వాసన పరులకు సోకనిదిగా ఉండాలి. దీన్నిబట్టి నలుగురిలో గుబాళించే హక్కు మగవాడిదే. కుంకుమపువ్వు కలిపిన పసుపురంగు పూతలు మగవారికి తగవని పండితులు అభ్యంతరం చెప్పినా, అది ఆ రంగును ఉద్దేశించి చెప్పినదే.

అత్తరు మానేసే సందర్భాలు కూడా ఇదే ధర్మంలో భాగం. హజ్ యాత్రలో ఇహ్రాం, అంటే కుట్టులేని రెండు తెల్లబట్టలు ధరించి దీక్షలో ఉన్నంతసేపు సుగంధం పూర్తిగా నిషిద్ధం. మొహర్రం మొదటి పది రోజులు, కర్బలా అమరుల సంతాపంలో ఉండే దారుల్‌షిఫా, పురానీ హవేలీ ప్రాంతాల షియాలు అత్తరు ముట్టరు. ఎదురుగా వచ్చిన మగవాడి వద్ద వాసన లేకపోతే, ఆ ఇంట ఏదో దుఃఖమో దీక్షో ఉన్నదని నాటివారు గ్రహించగలిగేవారు. పరిమళం మగవాడి నిత్యవేషంలో భాగమైన సమాజంలో మాత్రమే అది లేకపోవడానికి ఇంతటి అర్థం ఏర్పడుతుంది. చనిపోయినవాని శరీరానికి చివరి స్నానం చేయించి, కఫన్ అనే శవవస్త్రం చుట్టేముందు కర్పూరమూ అత్తరూ పూస్తారు. దర్గాలలో ఉర్సు, అంటే అక్కడి పుణ్యపురుషుని వర్ధంతి ఉత్సవం, సందల్‌తో మొదలవుతుంది. నూరిన గంధాన్ని పళ్లెంలో ఊరేగింపుగా తెచ్చి సమాధికి పూయడమే సందల్. సింహాచలంలో స్వామికి గంధం పూత, తిరుమలలో మూలమూర్తికి పునుగుతైలం, పచ్చకర్పూరం ఎరిగిన తెలుగువారికి ఈ ఆచారం పరాయిదిగా తోచదు.

దర్బారులో అత్తరు మర్యాదకూ హోదాకూ కొలబద్ద. సభ ముగిసే వేళ అతిథులకు అత్తరు-పాన్ ఇవ్వడం నిజాముల కొలువులోను ఉమరాల దేవిడీలలోను తప్పని తంతు. వెండి అత్తరుదానులో చిన్న చెంచా ముంచి అతిథి చేతికో రుమాలుకో రాసి, జరీ చుట్టిన తాంబూలం అందించారంటే, ఇక సెలవు తీసుకోవచ్చునని మర్యాదగా చెప్పినట్లు. ఎవరికి ఎవరి చేతుల మీదుగా అత్తరు అందాలన్నది హోదాను బట్టి ఉండేది. ఆంగ్లేయులు ఈ తంతును తమ దర్బారులలోనూ నిలుపుకొన్నారు. వైస్రాయి దర్బారులో సంస్థానాధీశునికి విదేశాంగ కార్యదర్శి స్థాయి అధికారి, అతని సర్దారులకు కింది అధికారులు అత్తరు రాసే పద్ధతి కాగితం మీద రాసిపెట్టిన నియమమే అయింది. 1869లో బాలుడైన మహబూబ్ అలీఖాన్ గద్దెనెక్కిన సందర్భంలో ఆంగ్ల అధికారులు బూట్లు విప్పి నేలమీద కూర్చునే పాత ఆచారం ముగిసింది. అవమానమని తోచిన ఆచారాన్ని వదిలించుకొన్న దొరలు అత్తరు కోసం మాత్రం చేయి చాపుతూనే వచ్చారు. తమ దేశంలో పరిమళించే మగవాడిని చిన్నచూపు చూడటం అలవాటైన కాలంలో వారు ఇక్కడ చేసిన ఈ పని, అత్తరు మర్యాదకు ఉన్న బలాన్ని నిరూపిస్తుంది.

ఈ మర్యాద ఒక మతానికి పరిమితం కాలేదు. 1901 నుంచి 1912 వరకు దివానుగా ఉన్న మహారాజా కిషన్ ప్రసాద్ ఖత్రీ హిందువు; శాలిబండలోని ఆయన దేవిడీలోనూ, కాయస్థ జాగీర్దారుల ఇళ్లలోనూ షేర్వానీతో పాటు అత్తరు-పాన్ కూడా ఇంటి మర్యాదే. బీదరులో నల్లని లోహం మీద వెండి పొదిగి చేసే బిద్రీ పనితనంతో వచ్చిన అత్తరుదానులు, పొడవాటి మెడగల పన్నీరు బుడ్లు ఈ ఇళ్లకోసం తయారైనవే. వాటిలో మేలైనవి 1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడవచ్చు. పెళ్లికి ముందు పాతబస్తీ ఇళ్లలో వరునికీ వధువుకూ ఒకే విధంగా రాసే చిక్సా, అనగా గంధపు పొడి, తుంగముస్తలు, ఇతర సుగంధమూలికలు కలిపిన నలుగుపిండి, తెలుగు పెళ్లిళ్ల నలుగుకు దగ్గరి చుట్టం.

అత్తరు తయారీ గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే దాని స్వభావం తెలిస్తేనే వాడకంలోని మర్యాదలు అర్థమవుతాయి. పాతబస్తీలో అమ్మిన మేలైన పూల అత్తరులో చాలాభాగం ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ నుంచి వచ్చింది. అక్కడ డేగ్ అనే పెద్ద రాగి బానలో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ బంకమన్ను, దూది కలిపిన ముద్దతో ఆవిరి పోకుండా మూసి, కింద కట్టెల మంట పెడతారు. తాడు చుట్టిన వెదురు గొట్టం గుండా ఆవిరి పక్కనున్న నీటితొట్టిలోని భప్కాలోకి, అంటే మెడ సన్నని రాగి కూజాలోకి చేరుతుంది. ఆ కూజాలో ముందే గంధపునూనె పోసి ఉంచుతారు. పూల సారం చల్లబడి ఆ నూనెలో ఇంకుతుంది. మరుసటి రోజు కొత్త పూలు, అదే నూనె. ఇలా పదిహేను రోజులదాకా సాగిన తరువాత నీరు వేరుచేసి, మిగిలిన తేమ ఆరిపోయేటట్లు తోలు కుప్పెలలో పోసి ఉంచుతారు. మంట ఎక్కువైతే పూలు మాడిన వాసన వస్తుంది, తక్కువైతే సారం దిగదు. పనివాడు కూజాను చేత్తో తాకి వేడిని అంచనా కట్టవలసిందే. ఆల్కహాలు ఎక్కడా కలవదు. దీనివల్ల అత్తరు ఒక్కసారిగా గుప్పుమనక, ఒంటివేడికి నెమ్మదిగా విచ్చుకొని గంటల తరబడి నిలుస్తుంది.

మొగలిపూల అత్తరు మాత్రం ఒడిశాలోని గంజాం జిల్లాది. 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, తెలుగువారు నేటికీ గణనీయంగా నివసించే బరంపురం చుట్టుపక్కల సముద్రతీరపు ఇసుకనేలల్లో పెరిగే మొగలిపొదల పువ్వే దీనికి ముడిసరుకు. ఉత్తరాదివారు కేవ్‌డా అని పిలిచే ఈ సారమే హైదరాబాదు బిర్యానీలోనూ చేరింది. ఊద్, అంటే బూజు సోకిన అగరు చెట్టు చేవ నుంచి తీసే నూనె, అస్సాము నుంచి వచ్చేది.

వాడకంలో కాలధర్మం ముఖ్యం. ఎండకాలంలో వట్టివేళ్ల ఖస్, గులాబి, మొగలి, మల్లె, ఇంకా కాల్చిన మట్టిబిళ్లలను బానలో వేసి తొలివాన తడిపిన నేల వాసన రప్పించే మిట్టీ అత్తరు. చలికాలంలో అనేక మూలికలూ మసాలాలూ కలిసిన షమామా, హీనా, ముష్క్ అనే కస్తూరి, అంబర్, ఊద్. మే నెలలో ఊద్ పూసుకొని సభకు వచ్చినవాడు డబ్బున్నవాడే కావచ్చు గాని తెలిసినవాడు కాడని పెద్దల లెక్క. పరిమాణం తులాల్లో. తులం సుమారు 11.66 గ్రాములు, నేటి దుకాణాలలో 3, 6, 12 మిల్లీలీటర్ల సీసాలు ఆ పావు, అర, పూర్తి తులాలకు గుర్తులే. అమ్మేవాడు ముందుగా సీసా మూతకు అంటిన గాజుపుల్లను కొనేవాని ముంజేతి వెనుక గీస్తాడు. కొనేవాడు వెంటనే ముక్కు దగ్గరికి తీసుకోడు. రెండో చేతికి రుద్ది, కాసేపు మాట్లాడి, ఒంటివేడి తగిలాక అప్పుడు వాసన చూస్తాడు. నచ్చినదాన్ని చెవుల వెనుక, మెడ కింద, షేర్వానీ కాలరు లోపలి అంచున రాస్తాడు. చివరగా సన్నని పుల్లకు చుట్టిన దూదిని అత్తరులో తడిపి, చెవి పైమడతలో దోపుతాడు. ఫాహా అనే ఈ దూదిపింజ రోజంతా అక్కడే ఉంటుంది. ఆలింగనం చేసుకొనే ప్రతివాడికీ ఆ పరిమళం దక్కుతుంది. పండుగ నమాజు తరువాత మూడుసార్లు భుజం భుజం కలిపి కౌగలించుకొనే ఊరిలో, తన అత్తరు ఎదుటివారికోసమేనన్న భావం ఇలా నిలబడింది. అంతకుమించి, తన సీసా తీసి పక్కనున్న అపరిచితుని చేతికి ఒక గీత గీయడం మసీదులో నేటికీ కనిపించే మర్యాద. హైదరాబాదు మగవారి పరిమళంలో అన్నిటికన్నా విలువైన అంశం ఈ ఇచ్చిపుచ్చుకోవడమే.

మగవారి పరిమళాన్ని తప్పుపట్టే దృష్టి ఎటునుంచి వచ్చింది? తెలుగు పల్లెలలో అత్తరు సాయిబు తెలియని ఊరు అరుదు. మెడకు తగిలించుకొన్న చిన్న పెట్టెలో సీసాలూ సుర్మా పెట్టుకొని జాతర్లకూ పెళ్లిళ్లకూ వచ్చే ఆ వర్తకుడు సందడికి చిహ్నం. కాని ఎండలో అరక దున్నే కాపుకు అత్తరు నిత్యావసరం కాదు. రోజూ పూసుకొని తిరిగేవాడు షోకిల్లా, జల్సారాయుడు. ఈ మాటల్లో మగతనం మీద అనుమానం కన్నా సోమరితనం మీద కోపమే ఎక్కువ. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశకాలలో కోస్తాలో కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తలు భోగం మేళాలను ఖండించినప్పుడు, ఆ మేజువాణీలలో పంచే గంధం, పన్నీరు, అత్తరు కూడా విలాసపు మచ్చ మోయవలసి వచ్చింది. చదువుకొన్న కొత్త తరగతికి సబ్బుతో కడిగిన ఒళ్లు, ఉతికిన బట్ట చాలు. ఖద్దరు ఉద్యమం వచ్చేసరికి నిరాడంబరత దేశభక్తికి గుర్తయింది. నిజాం రాజ్యంలో ఈ గాలి ఆలస్యంగా, అదీ పలుచగా వీచడం వల్లనే పాతబస్తీలో పాత మర్యాద నిలిచింది.

స్త్రీలకు వేరు, పురుషులకు వేరు అన్న సీసాల విభజన మాత్రం ఐరోపాది, అక్కడ కూడా కొత్తదే. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి రాజులూ రాణులూ ఒకే పరిమళాలు వాడారు. 1709లో కొలోన్ నగరంలో ఫరీనా మొదలుపెట్టిన కొలోన్ నీటిని నెపోలియన్ విపరీతంగా వాడాడు. నల్లకోటు వేసుకొన్న పంతొమ్మిదో శతాబ్దపు వర్తకవర్గం సుగంధాన్ని ఆడవారికి వదిలి, మగవానికి గడ్డం గీసుకొన్నాక రాసుకొనే నీటినీ సబ్బు వాసననూ మాత్రమే మిగిల్చింది. 1882లో పారిస్‌లో వచ్చిన ఫూజేర్ రాయాల్ కృత్రిమ రసాయనంతో పచ్చికవాసన సృష్టించి, తరువాతి మగవారి పరిమళాలకు మూసగా నిలిచింది. 1934లో కారోన్ సంస్థ పురుషులకోసమే అని పేరులోనే చెప్పుకొని ఒక సెంటు విడుదల చేసింది. అమెరికాలో ఓల్డ్ స్పైస్ 1938లో మగవారికి వచ్చింది. గులాబీ, మల్లె స్త్రీలవనీ, కర్ర, తోలు, పచ్చిక వాసనలు మగవారివనీ ఈ వ్యాపారం నేర్పిన పాఠం చార్మినారు అత్తరు పెట్టెకు తెలియదు. గులాబి అత్తరు పూసుకొన్న బార్కస్ అరబ్బును ఎవరూ పల్లెత్తు మాట అని ఉండరు.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం పాలన, 1949లో జాగీర్ల రద్దుతో ఉమరాల ఆదాయం ముగిశాయి. దేవిడీలు ముక్కలయ్యాయి; తులాల్లో షమామా కొన్న ఇళ్లు అత్తరుదానులనే అమ్ముకొన్నాయి. వర్తకం బతకడానికి సామాన్యుడే దిక్కయ్యాడు. 1908 మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ కట్టించిన పత్తర్‌గట్టి వరుసల్లోను, చార్మినారు, మక్కా మసీదు చుట్టూ బండ్ల మీదను అత్తరు చిన్న సీసాల్లో, చిన్న ధరల్లో అమ్ముడుపోయింది. 1970ల తరువాత గల్ఫ్ దేశాలకు వలస వెళ్లిన జహనుమా, ఫలక్‌నుమా, బార్కస్ యువకులు సెలవులకు వచ్చేటప్పుడు ఊద్, బఖూర్ తెచ్చారు. బఖూర్ అంటే సుగంధ తైలాల్లో నానబెట్టిన అగరు చెక్కపొడి. దాన్ని నిప్పుల మీద వేసి ఆ పొగను బట్టలకు పట్టిస్తారు. బార్కస్ ఇళ్లలో ఇది తాతల నాటిదే. మిగతా పాతబస్తీకి గల్ఫ్ సంపాదనతో విస్తరించింది. బోనాల నెలలో మైసాక్షి, సాంబ్రాణి పొగలు లాల్‌దర్వాజా వీధుల్లో కమ్ముకొంటే, రంజాను రాత్రుల్లో వాటికి సమీపంలోనే బఖూర్ పొగ లేస్తుంది.

సరుకు స్వరూపం కూడా మారింది. కస్తూరి మృగాన్ని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడటంతో అసలు కస్తూరి అమ్మకం నేరమైంది, అది న్యాయమే. చందనపు చెట్లు తెగులుకూ దొంగనరుకుడుకూ బలై గంధపునూనె ధర ఆకాశాన్నంటగా, కన్నౌజ్‌లోనే అనేకులు దాని స్థానంలో పారాఫిన్ వంటి వాసనలేని చవక నూనెలు వాడసాగారు. ఈ మార్పు వల్ల జరిగిన నష్టం పెద్దది. గంధపునూనె తనలో ఇంకిన పువ్వును కాలంతో పాటు మెరుగుపరచేది, పారాఫిన్ దాన్ని కేవలం మోస్తుంది. విదేశీ సెంట్ల వాసనలను అనుకరించే రసాయనపు అత్తర్లు కూల్ వాటర్, బ్లూ వంటి పేర్లతో గులాబి, మోతియా అనే మల్లె అత్తర్ల పక్కన చేరాయి. స్ప్రే సెంట్లలోని ఆల్కహాలు నమాజుకు తగునా అన్న చర్చలో, తాగే మద్యానికీ ఈ రసాయనానికీ సంబంధం లేదని కొందరు ఉలమాలు, అంటే మతపండితులు అనుమతించగా, సందేహానికి తావివ్వక అత్తరే మేలని మరికొందరు చెప్పారు. ఈ రెండో అభిప్రాయం అత్తరు బజారును ఎంతగానో ఆదుకొంది. ఆల్కహాలు లేనిదని సీసా మీద రాసుకోవడం మామూలైంది. 1990ల చివర మొదలైన డియోడరెంట్ ప్రకటనలు మాత్రం కొత్త ఉద్దేశాన్ని తెచ్చాయి. మగవాడు పరిమళించేది ఆడవారిని ఆకర్షించడానికని అవి చెప్పాయి. నాలుగు వందల ఏళ్లుగా ఈ నగరంలో మగవాడు దైవసన్నిధికోసం, సభకోసం, పక్కవాడికోసం పూసుకొన్నదాన్ని ఇంత చిన్న ప్రయోజనానికి కుదించడం ఈ చరిత్రలో అన్నిటికన్నా విచారించదగిన మలుపు.

అయినా ఆచారం అంతరించలేదు. శుక్రవారం మధ్యాహ్నం జహనుమా మసీదులకు వెళ్లే కూలివాడూ, ఆటో నడిపేవాడూ, దుకాణదారుడూ చవక సీసా అయినా జేబులో పెట్టుకొనే వెళతారు. ప్రమాదంలో పడినది పరిజ్ఞానం. ఏ ఋతువుకు ఏది, దేనితో ఏది కలపాలి, అసలు రూహ్‌కూ, అంటే నూనె కలపని శుద్ధ పుష్పసారానికీ, నకిలీకీ తేడా అరచేతి మీద ఎలా పట్టాలి అన్నవి తండ్రి పక్కన కూర్చుని నేర్చిన కొద్దిమంది ముసలి వర్తకుల నోటిలోనే మిగిలి ఉన్నాయి. మ్యూజియం అద్దాల వెనుక అత్తరుదానులు భద్రంగా ఉన్నాయి గాని, వాటిలో ఏమి పోసేవారో, ఏ రోజున ఎవరి చేతికి ఎలా రాసేవారో చెప్పే విద్యకు అటువంటి భద్రత లేదు. హైదరాబాదు చరిత్రను అధ్యయనం చేసే విశ్వవిద్యాలయ శాఖలు, తెలుగు ఉర్దూ రెండూ తెలిసిన యువ పరిశోధకులు పత్తర్‌గట్టి నుంచి బార్కస్ దాకా ఉన్న ఆ దుకాణాలకు వెళ్లి, ఆ వర్తకుల మాటలను వారి మాటల్లోనే రికార్డు చేసి, రెండు భాషల్లోనూ అచ్చువేయాలి. ఈ పని వచ్చే తరం చేయడానికి వీలుపడదు.